ఈసారి 'పులి' అన్నది నాన్నే!

'నాన్నా పులి' కథ మన బడిలో ఏటా చెబుతాం. రెండుసార్లు ఉత్తుత్తినే అరిచిన కుర్రాడు మూడోసారి నిజంగా పులి వచ్చి అరిస్తే ఎవరూ రాలేదు. పిల్లలు కళ్ళింతలు చేసుకుని వింటారు. అందులో నీతి పిల్లలకేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదని పోయినేడాది తెలిసొచ్చింది.

గణతంత్ర దినోత్సవానికి ముందు వారం. క్లాసులో జనగణమన నేర్పుతున్నాను. పిల్లలకి కాస్త హుషారు తెప్పిద్దామని, "ప్రపంచంలోకెల్లా గొప్ప జాతీయగీతం మనదేనని యునెస్కో ప్రకటించింది, తెలుసా?" అన్నాను. పొద్దున్నే కాఫీ తాగుతూ వాట్సాప్‌లో చూసిన ముక్క అది. చూడ్డమే కాదు, నాలుగు గ్రూపులకి పంపి మరీ బడికి వచ్చాను! వెనక వరసలోంచి మా అమ్మాయి లేచి, "నాన్నా, యునెస్కో అలా చెప్పనే లేదు. ఇది ఫేక్. 2008లోనే ఈమెయిళ్ళలో తిరిగిందిట" అంది. పదకొండేళ్ళ పిల్ల! క్లాసంతా గొల్లుమంది.

పోయిన పరువు తెచ్చుకుందామని నాకు తెలిసిన ఇంకో సంగతి బయటికి తీశాను. "సరే, ఇది వినండి. ఈ పాటకి మన మదనపల్లెలో స్వరాలు రాశారు" అన్నాను.

"ఇది కూడా ఫార్వర్డేనా అంకుల్?" అన్నాడో బుడతడు.

పైకి నవ్వాను గానీ లోపల చురుక్కుమంది. ఈసారి నిజంగానే పులి వచ్చింది, నమ్మేవాళ్ళే లేరు!

ఇంటికెళ్ళి తండ్రీకూతుళ్ళం కూర్చుని వెతికాం. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో కొన్నాళ్ళున్నారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి. ఆయన భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్న మనిషి. ఠాగూర్ బెంగాలీలో జనగణమన పాడి వినిపిస్తే ఆవిడ ఆ బాణీని పాశ్చాత్య పద్ధతిలో స్వరాలుగా రాసిపెట్టారు. ఠాగూర్ అక్కడే ఆ పాటని ఇంగ్లీషులోకి మార్చారు. 1911లో కలకత్తాలో మొదటిసారి పాడిన పాట, 1950లో జాతీయగీతమైన పాట, నడుమ మన రాయలసీమ ఊళ్ళో మజిలీ చేసిందన్నమాట!

మా అత్తగారిది మదనపల్లె పక్క పల్లె. మా అమ్మాయి ఆ రాత్రే అమ్మమ్మకి ఫోన్ చేసి అరగంట తెలుగులో మాట్లాడింది. యునెస్కో బిరుదు మా ఇంట్లో ఎవరిచేతా ఫోన్ చేయించలేదు సుమండీ!

ఆ తర్వాత మా క్లాసులో ఒక ఆట మొదలుపెట్టాం. చివరి పది నిమిషాలు ఎవరో ఒకరు ఇంటర్నెట్‌లో చూసిన వింత చెప్పాలి. మిగతావాళ్ళు "పులి ఉంది" అనో "పులి లేదు" అనో తేల్చాలి. రుజువు చూపించాలి. మాటలన్నీ తెలుగులోనే.

మొదట వచ్చింది 'దీపావళి రాత్రి నాసా తీసిన భారతదేశం' ఫొటో. మీకూ ఏటా వస్తూనే ఉంటుంది. పులి లేదు! అది ఒక్క రాత్రి తీసిన ఫొటో కాదు. ఉపగ్రహాలు ఏళ్ళ తరబడి పట్టిన వెలుగుల్ని ఒకచోట చేర్చిన బొమ్మ. 1992కి ముందే ఉన్న దీపాలు తెలుపు, 1992లో కనిపించినవి నీలం, 1998వి ఆకుపచ్చ, 2003వి ఎరుపు. దీపావళికి పెరిగే వెలుగు అంతరిక్షం నుంచి తెలిసేంత ఉండదని నాసాయే 2012లో వివరించింది. అంటే ఆ రంగులు టపాకాయలవి కావు, పెరుగుతూ వచ్చిన మన ఊళ్ళవి.

రెండో వింత: 'ఒక తెలుగు అక్షరం ఐఫోన్లని పడగొట్టింది'. ఒక్కరూ నమ్మలేదు. కానీ పులి ఉంది! 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' ఉన్న సందేశం వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ మూసుకుపోయేది. మనకి ఒక్క అక్షరంలా కనిపించే జ్ఞా కంప్యూటర్‌కి నాలుగు ముక్కలు: జ, పొల్లు, ఞ, దీర్ఘం. అప్పుడు తిరిగినదాంట్లో దీర్ఘానికి ముందు కంటికి కనిపించని అయిదో ముక్క కూడా ఉంది. ఆ అయిదింటినీ పేర్చలేక ఫోన్ తడబడింది. కొద్దిరోజుల్లోనే యాపిల్ సరిచేసింది. తప్పు అక్షరానిది కాదు, ప్రోగ్రాముది. ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి గనక ధైర్యంగా చెబుతున్నాను! ఒత్తులంటే పారిపోయే మా పిల్లలు ఆ రోజు ఎవరూ చెప్పకుండానే పుస్తకం నిండా జ్ఞా రాశారు.

"సరదాకి పంపుకుంటాం, ఎవరికేం నష్టం?" అంటారు కొందరు మిత్రులు. నష్టం ఉందండీ. ఇక్కడ మన పిల్లలకి భారతదేశమన్నా, తెలుగన్నా తెలిసేది ముందు మన నోటి నుంచే. లేని బిరుదులు తగిలించి మనం గొప్పలు చెబితే రెండు నిమిషాల్లో వాళ్ళు నిజం పట్టేస్తారు. ఆ తర్వాత మనం చెప్పే అసలైన గొప్పల్ని కూడా ఆ గాటనే కట్టేస్తారు. పోయేది యునెస్కో పరువు కాదు, మన మాట.

వింతలు పంచుకోవద్దని నేననను. నాకూ అవంటే ప్రాణమే! పది గ్రూపులకి పంపే ముందు ఇంట్లో ఒక పిల్లకో పిల్లాడికో తెలుగులో చెప్పి చూడండి. వాళ్ళనే వెతకమనండి. నిజమని తేలితే దాని వెనక ఇంకో కథ దొరుకుతుంది, అబద్ధమని తేలితే మీరు ముందుగానే బతికిపోతారు.

ఇప్పుడు మా ఇంట్లో నా ఫోన్ మోగితే చాలు, మా అమ్మాయి వంటింట్లోంచే కేక వేస్తుంది: "నాన్నా, పులేనా?"