గౌరవము లేని గౌరవవేతనము

వాంకోవరు నగరమున నుద్యోగము చేయుచున్న మా పూర్వశిష్యుడొకడు ఇటీవల మాకొక లేఖ వ్రాసెను. అతడు బుద్ధిమంతుడు, తల్లిదండ్రులయెడ భక్తి గలవాడు, పరుల కష్టమునకు కరగువాడు. అట్టివాడు వ్రాసిన మాటలివి: “మాస్టరుగారూ, మా కార్యాలయమునకు పోవు దారిలో హేస్టింగ్సు వీధి గలదు. మత్తుమందులకు దాసులైనవారు ఆ వీధి కాలిబాటలమీదను, వెనుక సందులలోను పడియుందురు. వారికి కాపలా యెవరనుకొన్నారు? వారివంటివారే. నిన్నటిదాక మందు పొడుచుకొన్నవాడు, ఒక్కొక్కచో నేటికిని పొడుచుకొనుచున్నవాడు, డబ్బు పుచ్చుకొని తోడివారిని కాచుచున్నాడు. దొంగచేతికి తాళపుచెవు లిచ్చినట్లున్నది. సంస్కరణమును గూర్చి మాకు పాఠములు చెప్పితిరి గదా, ఇదెక్కడి సంస్కరణము? నేను మాత్రము వేరొక వీధి చుట్టుకొని పోవుచున్నాను.”

అతనికి విడిగా బదులు వ్రాసితిమి. కాని యిది యొక్క శిష్యుని సందేహము కాదు. చదువుకొన్న మన కుటుంబములలో త్రాగుబోతును గూర్చియు, వ్యసనపరుని గూర్చియు, పతితుడని ముద్రపడిన ప్రతివానిని గూర్చియు నిదే మాట వినబడుచున్నది: “ముందు వాడు బాగుపడవలెను, ఇతరుల సంగతి తరువాత.” ఈ మాట నీతివాక్యమువలె కనబడును. ఇది నీతి కాదనియు, నీతివేషము వేసికొన్న నిర్దయ యనియు మా వాదము. నిదర్శనమున కా వాంకోవరు నగరమునే తీసికొందము.

నల్లమందు మనకు క్రొత్తది కాదు. పసిబిడ్డ నిద్రపోవుటకు ఆవగింజంత నల్లమందు నాకించిన తల్లులు మన ముత్తవ్వలలో నుండిరి. ఆ నల్లమందునుండి మార్ఫీనును, మార్ఫీనునుండి హెరాయినును పుట్టినవి. తుదకు గసగసాల చేనితో నిమిత్తము లేకయే రసాయనశాలలో తయారగు ఫెంటనిల్ వచ్చినది. ఇది మార్ఫీనుకంటె 50 మొదలు 100 రెట్లు తీవ్రమైనది. శస్త్రచికిత్స చేయు వైద్యుని చేతిలో నది వరము. కొలత యెరుగని దొంగబజారులో నదియే మృత్యువు. కొనువానికి తాను కొన్నదేమో తెలియదు, అమ్మువానికిని తెలియదు. బ్రిటిషు కొలంబియా రాష్ట్రప్రభుత్వము 2016 ఏప్రిలు 14వ తేదీన దీనిని ప్రజారోగ్య విపత్తుగా ప్రకటించెను. నాటినుండి యా యొక్క రాష్ట్రముననే 16,000 మందికి పైగా మరణించిరి. 2023లో 2,500 మందికి పైగా పోయిరి. అనగా దినమునకు సుమారేడుగురు. 2024లో కొంత తగ్గినను 2,200కు దిగలేదు. ఆ రాష్ట్ర జనసంఖ్య మన ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా జనసంఖ్యకు రమారమి సమానము. మన యొక్క జిల్లాలో దినమున కేడు శవములు, సంవత్సరముల తరబడి, లేచినచో మన మెట్లుందుమో చదువరులే యూహించుకొందురుగాక. చనిపోయినవారిలో ఆ దేశపు ఆదివాసుల పాలు వారి జనసంఖ్యకు పలురెట్లు మించియున్నది.

ఈ విపత్తున మొదట పరుగెత్తి వచ్చినవారెవరు? మంత్రులు కారు, ధర్మసంస్థలు కావు, మనవంటి సంస్కర్తలు నసలే కారు. 1990వ దశకము చివరనే ఆ పేటలోని మందు వాడువారు కొందరు తమలో తాము కూడి ‘వాండు’ అను సంఘము స్థాపించుకొనిరి. కవియైన బడ్ ఆస్బర్నును, ఆన్ లివింగ్‌స్టను అను నామెయు దానికి తొలినాళ్లనుండి యండగా నిలిచిరి. అప్పటికి సూదులద్వారా హెచ్.ఐ.వి. ఆ పేటను కాల్చుచుండెను. వారి యాందోళన ఫలముగా 2003 సెప్టెంబరులో ‘ఇన్‌సైట్’ అను శాల వెలసెను. నర్సుల కనుసన్నలలో శుభ్రమైన సూదితో మందు పొడుచుకొనుటకు చట్టమంగీకరించిన శాలలలో ఉత్తర అమెరికాలో నదియే మొదటిది. తరువాత 2016లో శవములు కుప్పలుపడుచుండగా అనుమతిపత్రములకొరకు వేచియుండక, ఆన్ లివింగ్‌స్టను, సారా బ్లైతు మున్నగువారు సెప్టెంబరు నెలలో నొక సందులో గుడారము వేసిరి. కొన్ని కుర్చీలు, బల్ల, విరుగుడు మందు, కాచియుండుటకు తోడి మనుష్యులు; అంతకుమించి యేమియు లేదు. అది చట్టవిరుద్ధము. డిసెంబరులో ఆరోగ్యమంత్రి ఉత్తరువుతో నదే చట్టసమ్మతమయ్యెను. మూడునెలలు చట్టము వారి వెనుక నడచెను గాని వారు చట్టము వెనుక నడువలేదు.

వారిని అచ్చట ‘పీర్ వర్కర్లు’ అనెదరు. మనము ‘తోడి సేవకులు’ అందము. ఆ మందుతో బ్రతికినవారు, బ్రతుకుచున్నవారే యీ పనికి కుదురుదురు. వారి పని యెట్టిదో యెరుగక తీర్పు చెప్పుట తగదు గనుక కొంచెము వివరింతుము. నల్లమందుజాతి మందు మోతాదు మించినపుడు మెదడులో ఊపిరిని నడపు తావుల నాక్రమించి, ఊపిరి తీయుమను నాజ్ఞనే మరపించును. పెదవులు నీలివన్నె దాల్చును. గొంతులో గురకవంటి శబ్దము పుట్టును. కొలది నిమిషములలో ప్రాణము పోవును. నెలొక్సోను అను విరుగుడు ఆ తావులనుండి మందును నెట్టివేయగలదు. సూదిమందుగా నిచ్చినచో రెండు మొదలైదు నిమిషములలో పనిచేయును. కాని దాని బలము అరగంట మొదలు గంటన్నరవరకే. ఆపై శరీరమున మిగిలిన విషము మరల తలయెత్తవచ్చును. ఎక్కువ వేసినచో లేచినవానికి వాంతులు, వణకు, భరింపరాని బాధ. ఆ బాధ తీరుటకు వాడు మరల మందుకొరకే పరుగెత్తును. కావున తోడి సేవకుడు తల వెనుకకు వంచి, ముక్కు మూసి, అయిదు క్షణముల కొకసారి తన యూపిరిని వాని రొమ్ములోనికి ఊదుచు, విరుగుడును కొలది కొలదిగా వేయుచు, వాని ప్రక్కనే కూర్చుండును. 2020 తరువాత దొంగమందులో నిద్రమాత్రలజాతి పదార్థములు కూడ కలియుచున్నవి. వానికి నెలొక్సోను విరుగుడు కాదు. ఊపిరి తిరిగివచ్చినను మనుష్యుడు గంటలకొలది లేవడు, అంతసేపును కాచియుండవలసినదే.

ఇంతకును మరణములు ఎక్కువగా జరుగునది వీధిలో కాదు, నాలుగు గోడలనడుమ, తలుపు గడియ వేసికొన్న యొంటరి గదులలో. ఆ తలుపు నర్సు తట్టిన తెరువబడదు, పోలీసువాడు తట్టిన నసలే తెరువబడదు. లోపలివానికి సిగ్గు, భయము. తనతో నొకనాడు ఆకలి పంచుకొన్నవాని గొంతు వినబడినపుడే యా గడియ తీయబడును. ఈ విశ్వాసము ఏ కళాశాలలోను నేర్పబడదు, ఏ పట్టాతోను రాదు. మా శిష్యుడు ‘దొంగచేతికి తాళపుచెవులు’ అనెను. తలుపు వెనుక ప్రాణము పోవుచుండగా తాళపుచెవి యెవనియొద్ద నున్నదో వానినే పిలువవలెను గదా!

ఇంత చేసినవారికి లోకమిచ్చిన దేమి? ఆ రాష్ట్రమున తోడి సేవకులను కలుపుకొని జరిగిన పరిశోధనలు వారి కష్టములను స్పష్టముగా చెప్పినవి: చాలని యాదాయము, నిలుకడ లేని కొలువు, తోడి యుద్యోగులలో మర్యాద లేమి, ఇంటివసతి కరవు, యెడతెగని చావుల దర్శనము. నర్సు తన గంటలు ముగిసిన తరువాత వేరొక పేటలోని యింటికి పోవును. తోడి సేవకుడు పోవు నిల్లా పేటలోనిదే. అర్ధరాత్రి ప్రక్కగదివాడు పడిపోయిన తట్టబడునది వీని తలుపే. ఆ గంటకు కూలి లేదు. పైగా నర్సు కాపాడజూచినది రోగిని. వీడు కాపాడజూచినది స్నేహితుని. బ్రతికింపలేకపోయిననాడు వైద్యుడును వీడే, ఏడ్చు బంధువును వీడే. మనయింట చావు వచ్చిన పదిదినములు పనికి పోము. వాని కేడ్చుటకు సెలవు లేదు. ఏలయన నాడే మరియొకడు పడిపోవును. ప్రభుత్వ సహాయధనముపై బ్రతుకువాడైనచో కూలి యొక పరిమితి దాటగానే యా సహాయధనము తెగిపోవు చిక్కు వేరొకటి.

ఇది యెక్కడనో దూరదేశపు వింత యని చదువరు లనుకొనరాదు. మన మంత్రసానిని తలచుకొనుడు. నడిరేయి పురిటినొప్పులు వచ్చిన పరుగున పోయి యామె కాళ్లు పట్టుకొంటిమి. బిడ్డ తల యామె చేతులలో బయటపడెను. తెల్లవారగానే యామె దొడ్డిదారిన పోవలసినది. ఆమె ముట్టిన గుడ్డలు తడుపవలసినది. కూలి చేటెడు బియ్యము, పాతచీర. ఆమె చేతిపనికి మైల లేదు, ఆమెకు మాత్రము మైల. వాంకోవరు సందులోని గుడారమునకును, మన దొడ్డివాకిలికిని దూర మంత యెక్కువ కాదు.

ఇక నాక్షేపణలు. ‘ఇట్టి శాలలవలన దుర్వ్యసనము వృద్ధియగును’ అనునది మొదటిది. 2011 సెప్టెంబరు 30వ తేదీన కెనడా సుప్రీముకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురు నేకగ్రీవముగా ఇన్‌సైట్ ప్రాణములు కాపాడుచున్నదనియు, దానివలన చుట్టుపట్ల నేరములు పెరుగలేదనియు నంగీకరించి, దానిని మూయింపజూచిన కేంద్రప్రభుత్వమును వారించిరి. యుక్తి చాలనివారికి సాక్ష్యమది. మాకు యుక్తియే చాలును: పశ్చాత్తాపము బ్రతికినవానికే గాని చచ్చినవానికి కలుగనేరదు. వ్యసనమును మాన్పు చికిత్స వలదని మేమనుటలేదు. అది వలయును, ఇల్లు వలయును, పని వలయును. తోడి సేవకు లొక్కరే యీ విపత్తును ముగింపలేరనుటకు పై లెక్కలే సాక్ష్యము. కాని చికిత్సాలయపు వాకిటివరకు మనిషి ప్రాణముతో నడచిరావలెను గదా.

‘వానికిచ్చిన కూలి మరల మందునకే పోవును’ అనునది రెండవది. గుమాస్తా జీతములో నెంత సారాకు పోవుచున్నదో, ప్లీడరు ఫీజులో నెంత పేకాటకు పోవుచున్నదో యెవరైన లెక్క యడిగిరా? కూలి పనికి వెల. ప్రవర్తనకు బహుమానము కాదు. పని జరిగెనా లేదా యనునదే యజమాని యడుగదగిన ప్రశ్న. కాపలాగంటలలో మత్తులో నుండరాదను కట్టడి న్యాయమైనది. అది యే కొలువునకైన నున్నదే. అంతకు మించి వాని సంచి వెదకు నధికారము మన కెవ్వరిచ్చిరి?

మూడవది యాక్షేపణ కాదు, ప్రశంస. అందువలన మరింత ప్రమాదకరము. ‘వారు వీరులు, త్యాగమూర్తులు, వారి సేవకు వెల కట్టగలమా’ అని కొందరు దయాళువులు చేతులు జోడింతురు. వెల కట్టలేమని చెప్పి వెల యియ్యకుండుట యెంత చవుకబేరము! అచ్చట నీ సొమ్మునకు జీతమని పేరు పెట్టుటకు వెనుదీసి ‘ఆనరేరియం’ అనిరి. ఆ మాటను మనము గౌరవవేతనమని తెనిగించుకొని యెన్నాళ్లో యైనది. మన యంగన్‌వాడీ కార్యకర్తలు పుచ్చుకొనుచున్న దదియే. మన దేశమున మత్తుసూదులు వాడువారిలో హెచ్.ఐ.వి.ని అరికట్టుటకు పనిచేయు తోడి సేవకులు, మణిపురము మొదలుకొని, పుచ్చుకొనుచున్న దదియే. ఈ సమాసమును మేము తరగతిలో విడదీసి చెప్పవలసివచ్చిన తడబడుదుము. గౌరవముకొర కిచ్చు వేతనమందమా, గౌరవము కనబడదు. గౌరవమే వేతనమందమా, దానితో బియ్యము రావు. వ్యాకరణమునకు లొంగని యీ మాట లోకవ్యవహారమున మాత్రము చక్కగా నొదిగినది. ఏలయన పనివానిని పనివాడనకుండుటకే యది పుట్టినది.

కావున మేము కోరునది స్తోత్రము కాదు. చేసిన పనికి జీతమనియే పేరు పెట్టి, తక్కిన యారోగ్యోద్యోగులతో సరితూగునట్లియ్యవలెను. జబ్బుపడిన సెలవును, ఆప్తుడు పోయిన నేడ్చుటకు సెలవును ఉండవలెను. మనసు చెదరినవానికి తోడు మాటలాడు వైద్యు డుండవలెను. నైపుణ్యము పెంచుకొని పైకి పోవుటకు మెట్లుండవలెను. శాలల నెట్లు నడుపవలెనో నిర్ణయించు సభలలో వారికి కుర్చీ యుండవలెను. మూల ముక్కాలిపీట కాదు. ఆ రాష్ట్రమున జరిగిన పరిశోధనలో తోడి సేవకులే యడిగినది మూడు మాటలలో నిమిడియున్నది: గుర్తింపు, సంస్థ యండ, శిక్షణ. ఇందులో దానమెక్కడ? ఏ బడిపంతులైనను, ఏ గుమాస్తాయైనను తన హక్కని యడుగునదే యిది.

మన సంస్కరణోద్యమములలో నొక లోపము తొలినుండి యున్నదని మేము తలచుచున్నాము. మనము పతితుల నుద్ధరింప బయలుదేరితిమి. కాని యుద్ధరించు చేయి మనదే కావలెనని కోరితిమి. బురదలో నున్నవాడే మరియొకని బయటికి నెట్టగలడని యొప్పుకొనుట మన యభిమానమునకు కష్టము. గట్టుమీద నున్నవాని చేయి పొట్టిది. బురదలో నిలిచినవాని భుజము పడినవానికి దగ్గర.

శిష్యునకు మేము వ్రాసిన బదులులో తుదిమాట యిది: “నాయనా, నీవు వేరొక వీధి చుట్టుకొని పోవలదు. ఆ వీధినే పొమ్ము. నెలొక్సోను వేయుట ఆ రాష్ట్రమున సామాన్యులకును నేర్పుచున్నారు. 2012 నుండి యింటికే యిచ్చు ఏర్పాటు గలదు. ఒకనా డా గుడారమువంటి చోట నిలిచి, తోడి సేవకునియొద్ద నది నేర్చుకొనుము. నేర్పినవానిని గురువనుటకు సంకోచింపకుము. మాకంటె నతడు నీకు నేర్పునది పెద్దది.”