తోక పిగిలిపిట్ట లీజు కట్టదు

రీల్స్ తిప్పుతుంటే ఎప్పుడో మీ కంటపడే ఉంటుంది. నల్లటి జుట్టు తల, తెల్లటి ఒళ్ళు, వెనక గాల్లో ఊగే రెండు పొడుగాటి రిబ్బన్లు. కింద ఎవడో ఒకడు 'ఇది ఏఐ' అని తీర్పిచ్చేస్తాడు. కాదండీ, నిజం పిట్టే. ఏషియన్ ప్యారడైజ్ ఫ్లైక్యాచర్ అంటారు. చలికాలంలో మా కోనసీమ కొబ్బరితోటల్లోనూ తిరుగుతుంది.

తెలుగు పేరు లేదనుకునేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో డాక్టరుగా చేసిన జెర్డన్ 1862-64లో వేసిన 'ద బర్డ్స్ ఆఫ్ ఇండియా'లోనే ఉంది: తోక పిగిలిపిట్ట. పిగిలిపిట్ట అంటే బుల్‌బుల్. అసలు చుట్టరికం మాత్రం కాకి, ఏట్రింతల వైపు. నోరు తెరిస్తే తెలిసిపోతుంది, అంత అందం పెట్టుకుని 'చ్రే' అని కరుగ్గా అరుస్తుంది.

రిబ్బన్లు మగదానికే. అవీ పుట్టగానే రావు. రెండు మూడేళ్ళు ఆడపిట్టలాగే ఇటుకరంగు ఒళ్ళు, పొట్టి తోకతో ఫ్రెషర్‌లా తిరగాలి. పెద్దయ్యాక కూడా కొన్ని మగవి ఇటుకరంగులోనే ఉండిపోతాయి.

దీని పని పద్ధతి చూడాలి. నీడలో కొమ్మ మీద కూర్చుంటుంది, ఎగిరే పురుగుని గాల్లోనే పట్టి మళ్ళీ నీడలోకి వచ్చేస్తుంది. అంటే నీడ కావాలి, పురుగు కావాలి, మధ్యలో మలుపు తిరిగేంత ఖాళీ కావాలి. కొబ్బరి కింద కోకో, అరటి, పక్కన బోదెలో నీళ్ళు ఉన్న పాత తోటలో ఈ మూడూ దొరుకుతాయి. అడవి లేని డెల్టాలో దీనికి అడవి అదే.

అంబాజీపేట దగ్గర మా మావయ్యకి అలాంటి తోట ఎకరంన్నర ఉంది. ఏడాదిగా ఇంట్లో ఒకటే చర్చ, రొయ్యల చెరువుకి లీజుకిచ్చేయాలా అని. దింపు తీసేవాళ్ళు టైముకి దొరకరు, తెల్లదోమ ఆకుల్ని వదలదు. పక్క తోట ఇప్పటికే చెరువైంది. నేను పిట్ట సంగతి ఎత్తితే ఆయన ఒక్కటే అడిగాడు: "పిట్ట లీజు కడుతుందేంట్రా?"

హైదరాబాదులో నెల జీతం తీసుకునే నాకు ఆ ప్రశ్నకి జవాబు లేదు. చెరువు గట్టు మీద కొంగలు, లకుముకిపిట్టలు బాగానే వాలతాయి, అబద్ధం ఎందుకు. కానీ నీడలేని నీటి మీద ఈ పిట్టకి పనిలేదు. ఉప్పునీరు ఊటగా దిగి నుయ్యి పాడవుతుందని అత్తయ్య భయం. ఇంట్లో బలంగా నడుస్తున్న వాదన అదే, నాది కాదు.

ఈ దింపు అయ్యాక తేలుద్దామన్నాడు మావయ్య.

మీకూ తోట ఉంటే ఎండెక్కకముందు బోదె పక్కన పావుగంట కూర్చోండి. మెర్లిన్ యాప్ ఉచితమే, అరుపు విని పేరు చెబుతుంది. కనబడితే తేదీ, చోటు ఈబర్డ్‌లో ఎక్కించండి. రీల్ కోసం దాని అరుపుని స్పీకర్‌లో పెట్టి పిలవకండి, పాపం తిండి మానేసి వెతుక్కుంటుంది.