కీచుమన్నదల్లా నూనె కోసం కాదు

తలుపు కిర్రుమంటే బందుల్లో నాలుగు చుక్కల కొబ్బరినూనె. కుట్టుమిషను గొణిగితే దానికో రెండు చుక్కలు. మన ఇళ్లలో ఇది తరతరాల వైద్యం. అరుపు వినపడగానే చెయ్యి నూనె సీసా కోసం వెతుకుతుంది. డిస్క్ బ్రేకుల సైకిలు ఇంటికి వచ్చాక మాత్రం ఈ చేతిని కాస్త ఆపుకోవాలి. బ్రేకు కీచుమంటోంది కదా అని చక్రం మధ్యనున్న ఆ ఉక్కు బిళ్ల మీద ఒక్క చుక్క వేసినా, అరుపు సంగతి అలా ఉంచి, బ్రేకు పట్టడమే మానేస్తుంది. అక్కడ సైకిలును ఆపేది రాపిడి. నూనెకు తెలిసిన పని దాన్ని తగ్గించడమే.

నిజానికి ఆ కీచు చాలాసార్లు నూనె వల్లనే పుడుతుంది. చైనుకు స్ప్రే కొడుతుంటే తుంపర పక్కకు పోతుంది. జిడ్డు చేత్తో డిస్కును ముట్టుకుంటాం. డిస్కునైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, శుభ్రమైన గుడ్డతో తుడవొచ్చు. డిస్కును పట్టి ఆపే ప్యాడ్లకు పైపైన అంటితే గరుకు కాగితం మీద రుద్ది చూడొచ్చు. లోపలికి ఇంకితే ఇక మార్చడమే మేలు. కొత్త ప్యాడ్లు కూడా వేసిన రోజే పూర్తిగా పట్టవు. ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం అందుకుని, చక్రం బిగుసుకుపోకుండా నెమ్మదిగా తగ్గించాలి. ఇలా ఒక ఇరవైసార్లు చేస్తే ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి అలవాటు పడతాయి.

అరుపు కన్నా భయపెట్టవలసింది మెత్తదనం. లివరు నొక్కితే గట్టిగా ఎదురు తిరగాల్సింది పోయి, స్పాంజిలా కుంగి హ్యాండిలును తాకుతుంది. పాత సైకిలుకు ఇనుప కడ్డీలు, రబ్బరు ముక్కలు ఉండేవి. ఏది వంగిందో, ఏది అరిగిందో కంటికి కనిపించేది. హైడ్రాలిక్ రకం డిస్క్ బ్రేకుల్లో కడ్డీ పని ద్రవం చేస్తోంది. మూసి ఉన్న ద్రవాన్ని ఒక చోట నొక్కితే ఆ ఒత్తిడి అంతటికీ సమానంగా పాకుతుందని పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. ద్రవం నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. గొట్టంలో చిన్న బుడగ చేరినా వేళ్ల బలమంతా దాన్ని నలపడానికే ఖర్చయిపోతుంది. పంక్చరుకో, చైనుకో సైకిలును తలకిందులుగా నిలబెట్టడం మన పిల్లలకు అలవాటు. లివరు దగ్గరి డబ్బాలో మిగిలి ఉన్న గాలి అప్పుడే గొట్టంలోకి జారుతుంది. నిలబెట్టి నాలుగుసార్లు నొక్కితే లివరు గట్టిపడవచ్చు. అంతమాత్రాన జబ్బు నయమైనట్టు కాదు, గాలి తీయించాల్సిందే.

అసలు చిక్కు గాలి తీసేటప్పుడు వస్తుంది. మళ్లీ ఏ నూనె పోయాలి? మోటారుసైకిలు బ్రేకుల్లో పోసే డాట్ ఆయిల్ ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది. షిమానో, మగురా వంటి సైకిలు బ్రేకులకు కావలసింది మినరల్ ఆయిల్. ఒకదానికి బదులు ఇంకొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి, బ్రేకు కారుతుంది, ఆ కారిన నూనె వెళ్లి ప్యాడ్ల మీదే పడుతుంది. కంపెనీ పేరును బట్టి ఊహించడం కూడా ఇప్పుడు కుదరదు. ఏళ్ల తరబడి డాట్ వాడిన స్రామ్ సంస్థే డీబీ8, మావెన్ బ్రేకులకు మినరల్ ఆయిల్ పెట్టింది. మెకానిక్‌ను తప్పుపట్టి లాభం లేదు. అతనికి ఈ తేడా ఎవరూ చెప్పలేదు. సైకిలు అమ్మే వాళ్లు ఒక్క ముక్క చెప్పి పంపాలి. చెప్పకుండా అమ్మడం తప్పే.

డాట్ ఆయిల్‌కు ఇంకో గుణం ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. అందుకే ఇంటి ముందు బాగానే ఉన్న బ్రేకు ఘాట్‌లో చెయ్యిస్తుంది. లోపల ఆవిరి పుట్టి లివరు ఉన్నట్టుండి మెత్తబడుతుంది, చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్లీ గట్టిపడుతుంది. అనంతగిరి పేరుతో మనకు రెండు కొండలున్నాయి, వికారాబాద్ పక్కన ఒకటి, అరకు దారిలో ఒకటి. ఎక్కడ దిగినా బ్రేకును అదేపనిగా పట్టి ఉంచకుండా, గట్టిగా పట్టి వదులుతూ దిగితే డిస్కుకు చల్లారే వ్యవధి దొరుకుతుంది.

ఏ నూనె పోయాలో చాలా బ్రేకులకు లివరు దగ్గరి మూత మీదే రాసి ఉంటుంది. షాపుకు వెళ్లే ముందు పిల్లల చేత అది చదివించండి. లివరు మెత్తగా ఉన్న రోజున కొండకు పంపకండి. పైకి వెళ్లాక తెలిస్తే, ఎంత దూరమైనా సరే, సైకిలును నడిపించుకుంటూ దిగమని చెప్పండి.