ఆగిపోయినవాళ్ల మాటా వినాలి

ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్ ముగిశాక నలుగురు రన్నర్లు కలిసిన చోటల్లా మాటలు వాతావరణం మీదికే మళ్లుతాయి. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే జల్లు అందుకుందని ఒకరంటారు. నీళ్లు నిండిన బూట్లతోనే చివరి పది కిలోమీటర్లూ లాగించేశామని ఇంకొకరు, చినుకు పడకపోయినా ఉక్కకి టీషర్టు పిండుకోవాల్సి వచ్చిందని మరొకరు చెబుతారు. ఐటీ ఉద్యోగి, బ్యాంకు మేనేజరు, గృహిణి, రిటైరైన టీచరు... ఈ కబుర్లకు హోదాల తేడా లేదు. వింటుంటే హుషారొస్తుంది. కానీ ఇవన్నీ పరుగు పూర్తి చేసినవాళ్లు చెప్పేవే. సగం దాటాక కళ్లు తిరిగి పక్కకు తప్పుకొన్న మనిషి ఆ గుంపులో ఉండడు. ఉన్నా నోరు విప్పడు.

మన పరుగుల లోకంలో అందరికంటే ముందు వినాల్సింది ఆ మనిషి మాటే.

చెడ్డ వాతావరణంలో పరుగు అనగానే ప్రపంచమంతా రన్నర్లు తలుచుకునేది 2018 ఏప్రిల్ 16 నాటి బోస్టన్ మారథాన్‌ని. హాప్‌కింటన్ ఊరి నుంచి తూర్పుగా బోస్టన్ నగరానికి సాగే దారి అది. ఆ రోజు గాలి సరిగ్గా ఎదురు నుంచే కొట్టింది. కుండపోత వాన, నాలుగైదు డిగ్రీల దరిదాపుల్లో చలి. జనం చెత్తబుట్టలకు తొడిగే ప్లాస్టిక్ సంచులకు బెజ్జాలు పెట్టుకుని తొడుక్కున్నారు, నెత్తిన షవర్ క్యాపులు పెట్టుకున్నారు. వేళ్లు కొంకర్లు పోయి ఎనర్జీ జెల్ ప్యాకెట్టు చింపుకోవడం కూడా కష్టమైపోయింది. ఆ రోజు రెండు వేల మందికి పైగా రన్నర్లకు వైద్య సాయం అందించాల్సి వచ్చింది.

అలాంటి రోజున పురుషుల విభాగంలో గెలిచింది యుకి కవౌచి. అప్పటికి జపాన్‌లోని సైతామాలో ప్రభుత్వోద్యోగి, హైస్కూలు ఆఫీసులో ఫుల్‌టైమ్ పని. డ్యూటీకి అటూ ఇటూ మిగిలిన వేళల్లోనే సాధన. అదే ఏడాది జనవరి ఒకటిన బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలోనే మైనస్ 17 డిగ్రీల చలిలో ఓ చిన్న మారథాన్ పరుగెత్తి వచ్చాడు. బోస్టన్‌లో 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లకు గీత దాటాక, ఇంతకంటే మంచి వాతావరణం నాకు దొరకదన్నాడు. మహిళల్లో రెండో స్థానం సారా సెల్లర్స్‌ది. ఆపరేషన్ థియేటర్లో మత్తుమందిచ్చే నర్సు ఆమె, అది ఆమెకు రెండో మారథాన్ మాత్రమే. ఔత్సాహిక రన్నర్లకు ఇంతకు మించిన పండగ ఏముంటుంది?

అదే రోజుకు ఇంకో ముఖం కూడా ఉంది. పేరుమోసిన ఎలీట్ రన్నర్లలో ఇరవై మందికి పైగా మధ్యలోనే తప్పుకొన్నారు. ఒలింపిక్ పతకాలున్న గేలెన్ రప్ వారిలో ఒకరు. మామూలు రన్నర్లలో మాత్రం 95 శాతం దాకా గీత దాటారు. దీన్ని చూసి ప్రొఫెషనల్స్ కంటే మామూలు జనానికే గుండె ధైర్యం ఎక్కువని మురిసిపోయిన వాళ్లున్నారు. నిజానికి లెక్క వేరు. ఎలీట్ రన్నరుకు ఒళ్లే పెట్టుబడి. ఇవాళ పాడుచేసుకుంటే మరో రేసు పోతుంది కాబట్టి ఆగడం వృత్తిలో భాగం. ఔత్సాహికుడి సంగతి అలా కాదు. ఆరు నెలలు తెల్లవారుజామున లేచాడు, ఫీజు కట్టాడు, విమానం టికెట్ కొన్నాడు, ఆఫీసులో అందరికీ చెప్పేశాడు. ఇప్పుడు ఆగితే సోమవారం మొహం ఎలా చూపించాలన్న బెంగ అతన్ని ముందుకు తోస్తుంది.

ఆ రోజు మహిళల్లో విజేత డెస్ లిండెన్ కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మొదటి కొన్ని మైళ్లలోనే ఆమెకు పరుగు మానేద్దామనిపించింది. ఎలాగూ తప్పుకుంటున్నాను, నీకేమైనా సాయం కావాలంటే చెప్పమని తోటి రన్నర్ షలేన్ ఫ్లానగన్‌తో అంది. ఫ్లానగన్ టాయిలెట్‌కి ఆగితే వేగం తగ్గించి మరీ ఆమె కోసం చూసి, మళ్లీ ముందున్న గుంపులో కలిపింది. ఆ క్రమంలో తనకే ఊపొచ్చి గెలిచేసింది. 33 ఏళ్ల తర్వాత అమెరికన్ మహిళకు దక్కిన బోస్టన్ టైటిల్ అది. ఆగిపోవచ్చన్న ఆలోచన విజేత మనసులో కూడా ఉంది, దాన్ని పక్కనున్న మనిషితో పైకి చెప్పడానికి ఆమె సిగ్గుపడలేదు.

వాతావరణం ఒంటితో ఏం చేస్తుందో చూస్తే ఆగడానికి సిగ్గుపడటం ఎంత ప్రమాదకరమో తెలుస్తుంది. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ 90 శాతం దరిదాపుల్లో ఉంటే చెమట కారుతుందే తప్ప ఆరదు. అందుకే ఆగస్టు తెల్లవారుజామున థర్మామీటరు 24 డిగ్రీలే చూపిస్తున్నా హైదరాబాద్‌లో ఒళ్లు కుక్కర్లా ఉడుకుతుంది. చల్లటి వానలో జరిగేది దీనికి పూర్తి వ్యతిరేకం. తడిబట్ట ఒంట్లోని వేడిని లాగేస్తుంటుంది, అలసిపోయి నడక మొదలెట్టగానే కండరాలు పుట్టించే వేడీ తగ్గిపోతుంది. వడదెబ్బైనా, చలిదెబ్బైనా తొందరగా దెబ్బతినేది తెలివే. మాట తడబడుతుంది, దిక్కు తెలియదు. ఆగాలా వద్దా అని తేల్చుకోవాల్సిన క్షణానికి తేల్చుకునే బుర్రే పనిచేయదు. కాబట్టి ఎప్పుడు ఆగాలో ముందే రాసిపెట్టుకోవాలి. రన్నరూ రాసుకోవాలి, నిర్వాహకులూ రాసిపెట్టాలి.

రాసిపెట్టకపోతే ఏమవుతుందో 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో లోకం చూసింది. కొండల్లో 100 కిలోమీటర్ల పరుగు, 172 మంది రన్నర్లు. గాలులు వీస్తాయని వాతావరణ శాఖ ముందు రోజు రాత్రే హెచ్చరించింది. అయినా గాలిని ఆపే జాకెట్ తప్పనిసరి సామాన్ల జాబితాలో లేదు. చాలామంది నిక్కర్లు, పల్చటి టీషర్టులతో కొండెక్కారు. మధ్యాహ్నానికి వడగళ్లు, గడ్డకట్టించే వాన, ఈదురుగాలి కమ్ముకున్నాయి. 21 మంది చనిపోయారు. ముందు వరుసలో పరుగెత్తిన మేటి రన్నర్లు కూడా వారిలో ఉన్నారు. జు కెమింగ్ అనే గొర్రెల కాపరి తాను తలదాచుకున్న గుహలోకి ఆరుగురిని చేర్చి, నిప్పు రాజేసి, దుప్పట్లు కప్పి బతికించాడు. వాన తీరు చూసి తొందరగా వెనుదిరిగిన రన్నర్లు ప్రాణాలతో ఇల్లు చేరారు. ఆ రోజు సరైన నిర్ణయం తీసుకున్నది వాళ్లే. ఏ పతకమూ వాళ్లకు రాలేదు.

కొందరు నిర్వాహకులు దెబ్బ తిన్నాక నేర్చుకున్నారు. 2007 అక్టోబరులో షికాగో మారథాన్ రోజున ఎండ 31 డిగ్రీలు దాటింది, కొన్ని చోట్ల నీళ్లు అయిపోయాయి, పోటీని మధ్యలోనే ఆపేశారు. ఇప్పుడక్కడ దారి పొడవునా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నలుపు రంగుల హెచ్చరికలుంటాయి. నలుపు పడిందంటే పరుగు రద్దు. 2012లో బోస్టన్‌కు ఎండలు ముంచుకొస్తున్నాయని తెలియగానే, ఈసారి మానుకుంటే వచ్చే ఏడాది చోటిస్తామని నిర్వాహకులు ప్రకటించారు. 2013 డిసెంబరులో మంచు తుపాను వల్ల డాలస్ మారథాన్‌ని, 2023 అక్టోబరులో ఎండ వల్ల మిన్నెసోటాలోని ట్విన్ సిటీస్ మారథాన్‌ని రద్దు చేశారు. రెండోది రద్దయింది పోటీ రోజు తెల్లవారుజామునే. తిట్టినవాళ్లు తిట్టారు, కానీ ఇళ్లకు క్షేమంగా వెళ్లి తిట్టారు.

మన దేశంలో 2017 నవంబరులో ఢిల్లీ హాఫ్ మారథాన్‌ని పొగమంచు కాలుష్యం వల్ల వాయిదా వేయాలని ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కోరింది. వ్యవహారం హైకోర్టుదాకా వెళ్లినా పోటీ ఆగలేదు. మరుసటి ఏడాది దాన్ని అక్టోబరుకు జరిపారు. తేదీ మార్చడం అసాధ్యమేమీ కాదని అలా తేలింది.

రద్దు అనగానే వచ్చే అభ్యంతరాలు తెలిసినవే. స్పాన్సర్ల డబ్బు, పోలీసు అనుమతులు, రోడ్ల మళ్లింపు, హోటల్ బుకింగులు అంటారు. ఫామ్ మీద సంతకం పెట్టారు కదా, ఎవరి ఒంటికి వాళ్లే బాధ్యులనీ అంటారు. మొదటిది నిజమైన ఇబ్బందే. అందుకే రద్దు షరతును రిజిస్ట్రేషన్ రోజే చెప్పేయాలి. ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే వెట్ బల్బ్ గ్లోబ్ సూచీ ఏ అంకె దాటితే దూరం కుదిస్తారో, ఏ అంకె దాటితే ఆపేస్తారో చెప్పి, మానుకున్నవారికి వచ్చే ఏడాది చోటివ్వాలి. రెండో వాదన మాత్రం నిలవదు. దారిలో తెలివి తప్పే ప్రమాదమున్న మనిషి ముందుగా పెట్టిన సంతకం నిర్వాహకుల బాధ్యతను చెరిపేయదు.

హైదరాబాద్ ఆగస్టు ఉక్కకీ, బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే కాలంలో విశాఖ బీచ్ రోడ్డు మీద జరిగే పరుగులకూ పనికొచ్చే పాఠం మసాచుసెట్స్‌లోని ఫాల్మత్‌లో ఉంది. అక్కడా పరుగు ఆగస్టులోనే, దూరం పదకొండు కిలోమీటర్లకు కొంచెం పైన. అక్కడి వైద్య బృందం 18 ఏళ్లలో 274 మంది వడదెబ్బ బాధితులకు చికిత్స చేస్తే ఒక్కరూ చనిపోలేదు. వాళ్లు చేసిందల్లా గీత దగ్గర ఐసు నీళ్ల తొట్లు పెట్టడం, పడిపోయిన మనిషిని ఆస్పత్రికి తరలించే ముందే అందులో ముంచి చల్లబరచడం. తొట్లు, ఐసు, నలుగురు శిక్షణ పొందిన మనుషులు. టీషర్టుల మీద లోగోలు అచ్చేయించే ఖర్చుతో పోలిస్తే ఇదేమంత పెద్దది కాదు.

ఇంకొకటుంది, దానికి ఖర్చే లేదు. మన పోటీల ఫలితాల పట్టికలో విజేతల పేర్లతో పాటు ఎంతమంది మధ్యలో ఆగారు, ఎక్కువమంది ఏ కిలోమీటరు దగ్గర ఆగారన్నది కూడా పేర్లు లేకుండా అచ్చువేయాలి. రన్నింగ్ గ్రూపులు ఆదివారం టిఫిన్ల దగ్గర మెడల్ వేసుకున్నవాళ్లతో పాటు ఆగినవాళ్లనూ అడగాలి: ఎక్కడ ఆగావు, ముందుగా ఏం తేడా అనిపించింది, ఆ దగ్గర్లో వాలంటీరు ఉన్నాడా? వచ్చే ఆగస్టుకి నీళ్ల స్టాలు ఎక్కడ పెట్టాలో, అంబులెన్స్ ఏ మలుపులో నిలపాలో ఆ జవాబులతోనే తేలుతుంది.