ఓనరు అమెరికాలో, కులం గుమ్మంలో

ఇల్లు ఖాళీగా ఉంది. గేటుకి 'టులెట్' బోర్డు వేలాడుతోంది. తాళంచెవి వాచ్‌మన్ జేబులో ఉంది. అయినా మా పల్లె పిల్లోడికి ఆ ఇల్లు దొరకలేదు.

ఆ పిల్లోడు మా చేతుల మీద చదువుకున్నాడు. తల్లీ తండ్రీ కూలికెళ్లారు. ఫీజులకి తక్కువైనప్పుడు మేం నలుగురం టీచర్లం తలా కొంత వేసుకున్నాం. హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందంటే పల్లెంతా పండగ చేసుకుంది. ఇల్లు వెతకటానికి మేమే తోడు వెళ్లాం. కూకట్‌పల్లి వైపు బ్రోకరు ఒక ఫ్లాటు చూపించాడు. అద్దె ఒప్పుకున్నాం. రెండు నెలల అడ్వాన్సు చేతిలో పట్టుకుని నిలబడ్డాం. అప్పుడొచ్చాడు ఓనరుగారి బావమరిది.

"ఇంటిపేరేంటండీ?" చెప్పాం. "ఏ ఊరు?" చెప్పాం. "ఊళ్లో ఎటువైపు?"

ఆ మూడో ప్రశ్న దేనికో మాకు తెలుసు. ఊరుకి తూర్పునో పడమరనో మన పల్లె ఉంటుంది. అది చెబితే ఇక చెప్పాల్సిందేమీ మిగలదు. "ఓనరుగారు డల్లాసులో ఉంటారు, అడిగి చెప్తాను" అన్నాడు. సాయంత్రం ఫోనొచ్చింది. "ఫ్యామిలీకే ఇమ్మన్నారండీ." మర్నాడు పై కులానికి చెందిన మా తోటి టీచరు చేత అదే నంబరుకి ఫోను చేయించాం. పెళ్లికాని కుర్రాడికి కావాలని అడిగించాం. "తప్పకుండా ఇస్తాం, రమ్మనండి" అన్నారు.

ఆ డల్లాసు ఓనరుకి ఈ సంగతి తెలుసా? తెలియకపోవచ్చు. మా తగాదా అక్కడే ఉంది. తెలుసుకోనక్కరలేని ఏర్పాటు ఒకటి ఆయన చేసుకున్నాడు.

దూరాన ఉండి అద్దె తినటం ఈ దేశంలో కొత్త కాదు. జమీందారు మద్రాసులో ఉండేవాడు, దొర హైదరాబాదు బంగళాలో ఉండేవాడు. ఊళ్లో వసూలు చేసేది గుమాస్తా. కొట్టేది గుమాస్తా, తిట్టేది గుమాస్తా. దొర మాత్రం దయగల ప్రభువు! ఇప్పుడు గుమాస్తా స్థానంలో బ్రోకరు, బావమరిది, వాచ్‌మన్ ఉన్నారు. శిస్తు బ్యాంకు ఖాతాలో పడుతుంది. 1999 నాటి ఫెమా చట్టం కింద ప్రవాస భారతీయులు ఇక్కడ పొలం కొనటానికి వీల్లేదు గానీ ఇళ్లు, ఫ్లాట్లు కొనుక్కోవచ్చు. అందుకే ఆ డబ్బు ఫ్లాట్ల మీదకి వస్తోంది. ఒక్క రాత్రి కూడా నిద్రపోని ఇంటికి యజమాని అవుతాడు. అద్దె ఎంత, రేటు ఎంత పెరిగింది అని అడుగుతాడు. ఎవరిని వెళ్లగొట్టారని అడగడు.

ఆ డబ్బుకి వేరు ఎక్కడుందో కూడా చూడండి. కృష్ణా, గోదావరి కాలవల కింద పండిన పొలాలు కొందరి పిల్లల్ని కాలేజీలకి పంపాయి, కాలేజీలు అమెరికాకి పంపాయి. ఆ పొలాల్లో నాటు వేసిందెవరు? కోత కోసిందెవరు? మన అమ్మలు, మన అయ్యలు. వాళ్ల నడుములు వంగితే లేచిన మేడల్లో వాళ్ల మనవడికి ఒక గది అద్దెకి కూడా దొరకదు!

ఇప్పుడు అమెరికా సంగతి. అక్కడ నల్లవాళ్లకి ఇళ్లు ఇవ్వని వాడలు ఉండేవి. 1966లో మార్టిన్ లూథర్ కింగ్ చికాగోలో ఇళ్ల కోసమే ఉద్యమం నడిపాడు. 1968 ఏప్రిల్ 4న ఆయన్ని చంపేశారు. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 11న, ఇళ్ల చట్టం మీద సంతకం పడింది. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు అద్దెకివ్వననటం అక్కడ చట్టవిరుద్ధమైంది. మన తెలుగు ఇంజనీరు డల్లాసులో దిగిన రోజున అతనికి ఇల్లు ఇప్పించింది ఆ చట్టం, నల్లవాళ్ల నెత్తురు. ఆ నీడన నిలబడి సంపాదించిన డాలర్లతో కూకట్‌పల్లిలో ఫ్లాటు కొంటే, దాని గుమ్మంలో మాత్రం మనువు కాపలా ఉండాలా? 2023లో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లే పాస్ చేస్తే గవర్నరు తిప్పికొట్టాడు. ఆ బిల్లు వద్దని గొంతు చించుకున్న వాళ్లలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లే ముందున్నారు. కులం సముద్రం దాటింది. అద్దె రూపంలో మళ్లీ తిరిగొస్తోంది.

బాబాసాహెబ్ సంగతి మర్చిపోతామా? అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో చదివి 1917లో బరోడా కొలువుకి వెళ్తే ఆయనకి ఊళ్లో ఇల్లు ఇచ్చినవాడు లేడు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో తలదాచుకున్నాడు. సంగతి తెలిసి కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. వందేళ్లు దాటింది. కర్ర పోయింది, "ఫ్యామిలీకే ఇస్తాం" అనే మాట వచ్చింది. ఢిల్లీ చుట్టుపక్కల సుఖదేవ్ థోరట్ బృందం ఇళ్ల కోసం ఫోన్లు చేయించి చూసి, 2015లో లెక్క ప్రకటించింది. పై కులం పేరు చెబితే దాదాపు అందరికీ ఇల్లుంది. దళితుల పేరు చెబితే నూటికి 18 మందికి, ముస్లింల పేరు చెబితే 31 మందికి ఫోన్లోనే లేదన్నారు.

"నా ఇల్లు, నా ఇష్టం" అంటారు. చట్టం అలా అనటం లేదు. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్‌లో ఎనిమిదో అంశం చదవండి. అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాస గృహంలో ఉండకుండా అడ్డుపడటం నేరం. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, జరిమానా. 12వ సెక్షన్ ఇంకా ముఖ్యం. బాధితుడు షెడ్యూల్డు కులంవాడైతే ఆ పని అంటరానితనంతోనే చేశారని కోర్టు భావించాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాడు. చట్టం ఉంది. వాడేవాళ్లం మనం లేం.

"నాకు తెలియదు, బావమరిది చూసుకుంటాడు" అంటారు. గోడకి మేకు కొట్టొద్దని డల్లాసు నుంచి చెప్పగలిగినవాడు, కులం అడగొద్దని చెప్పలేడా?

ఇక మా సంగతి. ఎదుటివాడి మీద రాయి వేసి ఊరుకుంటే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మాలోనూ లోన్లు పెట్టి హైదరాబాదులో, విజయవాడలో ఫ్లాట్లు కొన్నవాళ్లం ఉన్నాం. ఊళ్లో సెంటు భూమి లేనివాళ్లం. 2004 సెప్టెంబరు తర్వాత ఉద్యోగంలో చేరినవాళ్లకి పాత పెన్షనూ లేకుండా పోయింది. దూరాన ఒక ఇల్లు ఉంటే ముసలితనానికి ఆసరా అనుకున్నాం. అందులో తప్పు లేదు. మరి మా బ్రోకరుకి మేమేం చెప్పాం? ఏమీ చెప్పలేదు. "మంచి ఫ్యామిలీకి ఇచ్చానండీ" అంటే సంతోషించాం. మంచి అంటే ఏమిటని అడగలేదు. ఒకరోజు వాడే చెప్పాడు: "ముందు ఒక సాయిబుల కుటుంబం వచ్చిందండీ, మీకెందుకు తలనొప్పని పంపించేశాను." ఆ రోజు మాకు అన్నం సయించలేదు. మా పేరు మీద, మా గుమ్మంలో, మాకు జరిగిందే ఇంకొకరికి జరిగింది. మేమూ దూరాన ఉన్న దొరలమే అయ్యాం.

అందుకని తీర్మానించుకున్నాం. ఇల్లున్న ప్రతి దళిత ఉద్యోగీ అద్దె కాగితంలో ఒక వాక్యం రాయించాలి: కులం, మతం, తిండి అడగరాదు. అడిగిన బ్రోకరుని మార్చాలి. పట్నానికి వెళ్లే మన పిల్లలకి మన ఇళ్లలో ముందు చోటివ్వాలి. ఇల్లు నిరాకరిస్తే తేదీ, నంబరు, అన్న మాట రాసిపెట్టుకుని, సాక్షిని వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్లాలి. సంఘాలు వెనక నిలబడాలి. ఒక్క కేసు నిలబడితే వంద గేట్లు ఆలోచిస్తాయి.

మా పిల్లోడు ఇప్పటికీ ముగ్గురితో ఒకే గదిలో సర్దుకుంటున్నాడు. ఆ ఫ్లాటు చాలా రోజులు ఖాళీగానే ఉంది. అద్దె పోయినా ఫర్వాలేదు గానీ కులం పోకూడదట! డబ్బు వస్తే కులం పోతుందనే మన చదువుకున్న సోదరులు ఆ గేటు ముందు ఒక్కసారి నిలబడి చూడండి.

జై భీమ్!