ఎనిమిదో నెల బిడ్డ - తొలి అతిథులు

"ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అన్న మాట మా ఉప్పలగుప్తం వైపు పెద్దవాళ్ళ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. శాస్త్రం చెప్పేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. గర్భంలో గడిచే ప్రతి వారమూ బిడ్డ ఊపిరితిత్తులకు బలమే. ఏడో నెల బిడ్డకన్నా ఎనిమిదో నెల బిడ్డకే బతికే అవకాశం ఎక్కువ.

నెలలు నిండని బిడ్డకు వాయుకోశాలు పూర్తిగా ఏర్పడి ఉండవు. అవి ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ చాలినంత ఉండదు. అందుకని గొట్టం వేసి, యంత్రంతో ప్రాణవాయువు అందిస్తారు. ఆ యంత్రమే ప్రాణం నిలబెడుతుంది. ఆ ఒత్తిడే లేత ఊపిరితిత్తిని గాయపరుస్తుంది. 1967లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులు ఈ గాయాన్ని వర్ణించి బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేసియా అని పేరు పెట్టారు.

అయితే దోషమంతా యంత్రానిదేనా? కాదు. బిడ్డ ఒంట్లో ముందుగా ఎవరు కాపురం పెడతారన్నది కూడా ముఖ్యమే. 2016లో అలబామా విశ్వవిద్యాలయ పరిశోధకులు, తరువాత ఈ జబ్బు బారిన పడిన పసికందుల శ్వాసనాళాలలో పుట్టినప్పుడే లాక్టోబాసిల్లస్ జాతి తక్కువగా ఉన్నదని గమనించారు. యూరియాప్లాస్మా అనే సూక్ష్మజీవి తిష్ఠ వేసిన పిల్లలలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించడం అంతకుముందే తెలుసు. సరే, మందుతో దాన్ని తరిమేద్దామని బ్రిటన్‌లో అజిత్రోమైసిన్ ఇచ్చి చూశారు. 2024లో వెలువడిన ఫలితాలలో ప్రయోజనం కనబడలేదు.

మందుల మీద మనకున్న భరోసా చిన్నది కాదు. 1948లో లోకానికి ఆరియోమైసిన్‌ను అందించిన లెడర్లీ పరిశోధనలకు సారథి, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే. అటువంటి సంపదను మనం ఎలా ఖర్చు చేశామో ఢిల్లీ ఆసుపత్రుల నుండి 2016లో వెలువడిన అధ్యయనం చూస్తే తెలుస్తుంది. నవజాత శిశువుల రక్తంలో దొరికిన అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా వంటివి చాలా మందులకు లొంగనివిగా తేలాయి.

మరి మంచి క్రిములను మనమే ఇస్తే? మన పొరుగున ఒడిశా పల్లెలలో 4,556 మంది శిశువులపై జరిగిన ప్రయోగం 2017లో వెలువడింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ ఇచ్చిన పిల్లలలో సెప్సిస్, మరణాలు కలిపి 9 శాతం నుండి 5.4కి దిగాయి, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లూ తగ్గాయి. కానీ వారంతా 2 కిలోలకు తగ్గని పిల్లలు. మరీ చిన్న బిడ్డలకు ఇటువంటివి ప్రమాదం కావచ్చునని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. కాబట్టి దుకాణంలో కొని పట్టించే పని కాదిది.

ఇప్పటికి రుజువైన మార్గం మరొకటున్నది: తల్లి గుండె. ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియాలలోని అయిదు ఆసుపత్రులలో, 1 నుండి 1.8 కిలోల లోపు బిడ్డలను పుట్టిన వెంటనే తల్లి రొమ్ముకు హత్తించి ఉంచారు. 2021లో వెలువడిన ఫలితం ప్రకారం నెలలోపు మరణాలు 15.7 శాతం నుండి 12కి తగ్గాయి. "తల్లి లోపలికొస్తే క్రిములు తెస్తుంది" అనేవారికి ఇందులోనే సమాధానం ఉన్నది. సెప్సిస్ అనుమానం కలిగిన సందర్భాలు కూడా 27.8 నుండి 22.9 శాతానికి తగ్గాయి. తల్లి చర్మం, తల్లిపాలు ఇచ్చే తొలి అతిథులు వేరు. గొట్టాలమీదా, కడగని చేతులమీదా వచ్చేవారు వేరు.

మన పురిటి మైల ఆచారాన్ని తలచుకోండి. అందులోని అంటు భావనను నేను సమర్థించను. కానీ ఆ ఆచారం తల్లీబిడ్డలను ఒకే గదిలో ఉంచి, తక్కిన లోకాన్ని గుమ్మం బయట నిలబెట్టింది. మన వార్డులు చాలాకాలం తల్లిని కూడా ఆ లోకంలోనే కలిపివేశాయి. కుటుంబాన్ని శిశు సంరక్షణలో భాగం చేయమని 2017లోనే కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు వెలువరించింది. కాగితం ఉన్నది, ఇక కావలసింది బిడ్డ పక్కన తల్లికొక మంచం, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు, నేర్పే ఓపిక గల నర్సు.

2020లో మన దేశంలో సుమారు 30 లక్షల బిడ్డలు నెలలు నిండకుండా పుట్టారు. కొత్త యంత్రాలు కావాలి, కాదనను. అయితే కొత్త వార్డుకు నక్షా గీసేటప్పుడు మొదటి గీత తల్లి మంచానిదే కావాలన్నది నా అభిప్రాయం. మీలో వైద్యులెవరైనా ఉంటే, మరి మీరేమంటారు?