ఇంటి చదువు - చలికాలపు ఆరోగ్యం

"ఆరోగ్యమే మహాభాగ్యం" అని తెలుగువారంటారు. "తందురుస్తీ హజార్ నేమత్ హై" అని ఉర్దూ మాట్లాడేవారంటారు. ఈ రెండు భాషలూ వినిపించే మన కళాశాలలో ఈ రెండు సామెతలను ఎరుగనివారు లేరు. అయితే బడికి పోక, ఇంటనే కూర్చుండి చదువుకొనే బాలబాలికల విషయంలో, అందునా చలికాలంలో, ఈ సూక్తిని మనం ఎంతవరకు పాటిస్తున్నామన్నది ఆలోచించదగిన ప్రశ్న.

ఇంటి చదువు మన గోదావరి సీమకు కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరాన బాలికల పాఠశాలను స్థాపించే నాటికి, ఏ కొద్దిమంది స్త్రీలు అక్షరాలు నేర్చినా అది ఎక్కువగా ఇంటి వసారాలోనే. స్త్రీవిద్యకై అంతగా పాటుపడిన పంతులుగారు స్త్రీలకోసం 'దేహారోగ్య ధర్మబోధిని'ని కూడా వ్రాయడం గమనార్హం. విద్యను, ఆరోగ్యాన్ని ఆయన వేరుచేసి చూడలేదు. 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాల, 1991లో మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం ఏర్పడిన తరువాత ఇంట చదివి పరీక్షకు కూర్చొనే మార్గం సుగమమైంది. ఇక 2020 మార్చిలో పాఠశాలలు మూతపడినప్పుడు ప్రతి ఇల్లూ బడి అయింది. ఆ ఏడు నవంబరు నుండి బడులు దశలవారీగా తెరువబడినా, చిన్న తరగతుల పిల్లలకు ఆ శీతకాలం చాలవరకు ఇంటనే గడిచింది.

బడి అందుబాటులో ఉన్నప్పుడు బిడ్డను బడికే పంపడం మేలని మా అభిప్రాయం. కాని దూరభారంవల్లనో, పేదరికంవల్లనో, పెద్దల సంకోచంవల్లనో ఇంటనే మిగిలిపోయిన ఆడపిల్లలు మన వీధులలోనే ఉన్నారు. వారిని నిందించి ప్రయోజనం లేదు. వారి చదువు, దేహం రెండూ చక్కగా సాగే ఉపాయం చూడాలి.

మన డెల్టాలో చలి, ఉత్తరాదివారి చలితో పోల్చదగినది కాదు. ఇక్కడ కీడు చలివల్ల కన్న చలికి వెరచి తలుపులు మూసుకొనడంవల్లనే ఎక్కువ. తెల్లవారు మంచు, సార్వా నూర్పుళ్ల ధూళి, గడ్డి తగులబెట్టిన పొగ బయట. దోమల చుట్టల పొగ, కట్టెపొయ్యి పొగ లోపల. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకొనడం మరీ ప్రమాదం. దాని నుండి వెలువడే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. పగలు కొంతసేపైనా కిటికీలు తెరచి గాలి ఆడనివ్వాలి.

రెండవది ఎండ. గోదావరి తీరాన డిసెంబరులో సైతం పగలు దాదాపు 11 గంటలుంటుంది. ఇంత సూర్యరశ్మి ఉన్న దేశంలో విటమిన్ డి లోపం విస్తారంగా ఉండడం విచిత్రమే. అందరూ చెప్పే లేత ఎండలో ఆ శక్తి స్వల్పం. ప్రొద్దు కొంత పైకెక్కిన తరువాతి ఎండలోనే అది లభిస్తుంది. గాజు కిటికీ దానిని చాలవరకు అడ్డగిస్తుంది. కాబట్టి పది గంటల వేళ ముఖానికీ చేతులకూ ఎండ తగిలేలా పెరటిలోనో, డాబా మీదనో కాసేపు పాఠం చదివించడం మంచిది. మరుగు కోరే కుటుంబాలకూ ఇందులో ఇబ్బంది లేదు.

మూడవది ఆహారం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్లు తేలింది. నెత్తురు చాలని పిల్లకు పాఠం తలకెక్కకపోతే అది సోమరితనం కాదు. నువ్వులు, బెల్లం, తోటకూర, గుడ్డు, చేప, కాలానికి వచ్చే తేగలు, చిలగడదుంపలు మనకు దుర్లభం కావు. ఉసిరి, జామ తింటే శరీరం ఇనుమును బాగా గ్రహిస్తుంది. భోజనం ముగిసీ ముగియకముందే టీ త్రాగితే ఆ లాభం తగ్గిపోతుంది. చలికి దప్పిక వేయదని నీళ్లు మానరాదు.

ఇక వ్యాయామం, నిద్ర. 5 నుండి 17 ఏండ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. బడికి నడచిపోయే పిల్లకు కొంతైనా నడక దొరుకుతుంది. ఇంటి పిల్లకు అదీ లేదు. ఇంటి పని చేస్తున్నది గదా అందురేమో. అంట్లు తోమడం ఆట కాదు, స్నేహితురాలితో నవ్వుకొనడానికి బదులూ కాదు.

అన్నింటికన్న ముఖ్యం సమతుల్యం. ఇంట చదివే ఆడపిల్ల తొందరలోనే ఇంటి వంటమనిషి అయిపోతుంది. చదువు చెప్పే తల్లికి వంట, నీళ్లు, పాఠం అన్నీ ఒక్క నెత్తినే పడతాయి. తల్లి మంచాన పడిననాడు ఆ బడి మూతపడినట్లే. తండ్రీ, అన్నదమ్ములూ పనిలో పాలు పంచుకొననిదే ఇంటి చదువు ఇంటి చాకిరీగానే పరిణమిస్తుంది. బడి గంటలను ఇంట అనుకరింప నక్కరలేదు. ఉదయం శ్రద్ధతో చదివించి, సాయంత్రం విడిచిపెట్టడమే మేలు.

కళాశాల కమిటీ పెద్దలకు మాదొక విన్నపం. ఆదివారం ఉదయం మన గ్రంథాలయాన్నీ ఆటస్థలాన్నీ ఇంట చదువుకొనే బాలికలకు రెండు గంటలపాటు తెరచి ఉంచండి. మన విద్యార్థినులే వారికి తోడుగా ఉంటారు. ఏడాదికొకమారు రక్తపరీక్ష జరిపించండి. దీనికి కొత్త భవనాలు కట్టనక్కరలేదు, ఉన్న తలుపులు తెరిస్తే చాలును. విద్యార్థులారా, మీ వీధిలో అటువంటి చెల్లెలు ఒకతె ఉన్నదేమో ఈ శీతకాలమే విచారించండి. మన బెంచీలపై కూర్చొనవలసినవారిలో కొందరు నేడు ఆ మూసిన తలుపుల వెనుకనే ఉన్నారు.